మా కోళ్ల చావుకు లెక్క ఏది?

మాఘమాసం పెళ్లిళ్లు అయిపోయి పది రోజులు కాలేదు. ఒక తెల్లవారుజామున మా ఊళ్లో కోళ్లు సరిగ్గా కుయ్యలేదు. దాన్ని ముందు పట్టుకున్నది ముసలివాళ్లే. "పొద్దు పొడుస్తున్నా పుంజు నోరెత్తలేదేంట్రా" అని ఒక తాత మంచం మీంచి కేకేశాడు. గంపలు ఎత్తి చూస్తే రెండిళ్లలో పెట్టలు కాళ్లు చాపుకుని పడున్నాయి. ముందురోజు సాయంత్రం వాకిట్లో చోళ్లు ఏరుకుని తిన్న కోళ్లే అవి.

మధ్యాహ్నానికి ఇంకో మూడిళ్లు. మర్నాడు ఒక పుంజుకి మెడ వంకర తిరిగిపోయి ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఇంకొకటి మెడ సాచి, నోరు తెరుచుకుని, గురగురమంటూ ఊపిరి లాగింది. ఏ చూరు కింద చూసినా ఆకుపచ్చని నీళ్ల రెట్ట. కొన్నైతే ఏ గుర్తూ చూపించకుండానే రాత్రికి రాత్రి పోయాయి. ఆరో రోజుకి 30 గడపల మా ఊళ్లో మమ్మల్ని లేపడానికి కోడి లేదు. ఊరి చివర, పోడు దారిలో ఉన్న ఒక్క ఇంట్లో తప్ప.

ఆ ఒక్క ఇంటి సంగతి తర్వాత చెబుతాం. ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. 1/70 చట్టం గురించి, పోడు పట్టాల గురించి, పోలవరం ముంపు గురించి రాయాల్సిన పుస్తకంలో ఈ కోళ్ల గోల ఏమిటని కొందరు అడుగుతారు. మాలోనే ఇద్దరు అడిగారు. వాళ్లకి మా జవాబు ఇదీ. భూమికి పట్టా కావాలి. బ్యాంకు అప్పుకి కాగితం కావాలి. కోడికి ఏ కాగితమూ అక్కర్లేదు. అడ్డతీగల నుంచి మారేడుమిల్లి దాకా మా కొండల్లో ఆడమనిషి చేతిలో, ఆమె ఇష్టం మీద నడిచే ఆస్తి ఏదైనా ఉందంటే అది కోడే. పిల్లకి జ్వరం వస్తే రాత్రికి రాత్రి ఆటో కిరాయి పెట్ట అమ్మితే వస్తుంది. బడి తెరిచే రోజున చొక్కా పుంజు అమ్మితే వస్తుంది. ఆ డబ్బుకి మొగుడు లెక్క అడగడు. కోడి లేని కొత్త కోడలికి మేనత్త ఒక పెట్టని వాటాకి ఇస్తుంది. పిల్లలు పెరిగాక సగం తనకి, సగం కోడలికి. అప్పు పత్రం లేదు, వడ్డీ లేదు. ఒక ఊళ్లో వారం రోజుల్లో కోళ్లన్నీ పోయాయంటే ఆ ఊరి ఆడవాళ్ల మూటలన్నీ ఒకేసారి ఎవరో ఎత్తుకుపోయినట్టు. దొంగతనం జరిగితే పోలీసులు వచ్చి కనీసం పేరు రాసుకుంటారు. మా ఇళ్లలో జరిగినదాన్ని రాసుకున్నవాళ్లు లేరు.

రాసుకోమని మేమే వెళ్లాం. మూడో రోజున మాలో ఇద్దరు చచ్చిన కోళ్లని రెండింటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి, కొండ దిగి, ఆటో ఎక్కి, పశువుల ఆసుపత్రికి చేరారు. సంచి చూసి అక్కడి మనిషి "ఏంటది?" అన్నాడు. "కోళ్లండి. ఊరంతా చచ్చిపోతున్నాయి. ఎందుకో చూస్తారేమోనని." ఆయన తిట్టలేదు, కసురుకోలేదు. నవ్వాడు, అంతే. "చచ్చినదాన్ని తెస్తే ఏం చూస్తాం బాబూ? పాతిపెట్టేయండి. పథకంలో కొత్త పిల్లలు వస్తాయి, పేర్లు రాయించుకోండి" అన్నాడు. మా ముందే ఒక గేదె వచ్చింది. దాని చెవికి పసుపుపచ్చ బిళ్ల ఉంది, బిళ్ల మీద నంబరు ఉంది. ఆ నంబరు రిజిస్టర్లో ఎక్కింది. మా కోళ్లు ఎక్కలేదు. వచ్చేటప్పుడు మందుల కొట్టువాడు టెట్రాసైక్లిన్ పొడి ఇచ్చాడు, నీళ్లలో కలిపి పట్టమని. కలిపి పట్టాం. డబ్బులు పోయాయి, కోళ్లూ పోయాయి.

ఇంతవరకూ అయితే ఇది ఒక చిన్న అవమానం. మన్యంలో పుట్టినవాళ్లకి కొత్తది కాదు. దాని వెనక వచ్చినదాని కోసమే ఈ వ్యాసం.

చావుకు కారణం తెలియకపోతే ఊరు ఊరికే ఉండదు. కారణం దొరకనిచోట మనిషిని వెతుకుతుంది. ఐదో రోజు రాత్రి చింతచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. ఊరి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే మామ్మ కోళ్లు ఎనిమిదీ బతికే ఉన్నాయని ఎవరో అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక గొంతు మెల్లగా ఒక మాట అంది. చిల్లంగి. ఆ మాట గురించి మైదానంలో చదువుకునేవాళ్లకి చెప్పాలి. మా వైపు చేతబడికి అది పేరు. ఆ మాట పడ్డ మనిషిని కొట్టారు, ఊరి నుంచి వెళ్లగొట్టారు, చంపారు కూడా. పత్రికల్లో మూలన నాలుగు లైన్ల వార్తలుగా అవి వచ్చాయి. 'గిరిజనుల మూఢనమ్మకం' అని శీర్షిక పెట్టారు. మేం అడుగుతున్నాం. కారణం చెప్పమని సంచి మోసుకుని కొండ దిగి వచ్చినవాళ్లని నవ్వి పంపించేసిన తర్వాత, వాళ్ల ఊళ్లో మూఢనమ్మకం పుట్టిందని రాసే హక్కు మీకు ఎక్కడిది? మూఢనమ్మకంలో మా వాటా ఎంతో మేం ఒప్పుకుంటాం. మీ వాటా మీరు ఒప్పుకోండి.

ఆ రాత్రి మామ్మ మీదికి ఎవరూ వెళ్లకుండా ఆపింది మా చదువు కాదు. మాలో ఒకరి తల్లి లేచి, "రేపొక్క రోజు ఆగండి, మా వాడి స్నేహితుడు పశువుల డాక్టరు, రమ్మంటాను" అంది. ఆగారు. ఆ కుర్రాడు సెలవులో ఉండి కూడా మర్నాడు బండి మీద వచ్చాడు. అతను చేసిన పని గురించి కాస్త వివరంగా చెబుతాం. ఎందుకంటే అది ఎంత చిన్న పనో, ఎంత తక్కువ ఖర్చుతో అయ్యే పనో అందరూ తెలుసుకోవాలి.

అతను ముందు కోడిని ముట్టుకోలేదు. ప్రశ్నలు అడిగాడు. చచ్చినవి పిల్లలేనా, పెద్దవి కూడానా? ఒకే ఇంట్లోనా, ఇంటింటికీ పాకిందా? అన్నీ ఒక్కరోజే చచ్చాయా, ఒకదాని తర్వాత ఒకటా? కాకులు, కొంగలు, పావురాలు చచ్చిపడ్డాయా? కుక్కలు, పందులు బాగానే ఉన్నాయా? పత్తి విత్తనం గానీ, గుళికల మందు గానీ, ఎలుకల మందు గానీ ఎవరింట్లోనైనా వాడారా? గత రెండు వారాల్లో బయటి నుంచి కోడి ఏదైనా ఊళ్లోకి వచ్చిందా?

ఒక్కో ప్రశ్న ఎందుకో కూడా చెప్పాడు. మందు తిని చస్తే ఒకే ఇంట్లోనో, ఒకే కళ్లంలోనో, కొన్ని గంటల్లోనే గుంపుగా చస్తాయి. మెడ కింద గింజల సంచిలో తిన్న గింజలు అలాగే ఉంటాయి. ఎలుకల మందైతే వెల్లుల్లి లాంటి వాసన కూడా రావచ్చు. పిల్లలే చస్తూ, రెట్టలో నెత్తురు పడుతుంటే అది రక్తపారుడు, మందుకి లొంగుతుంది. కోళ్ల కలరా అయితే బలంగా ఉన్న పెద్ద కోడి కూడా హఠాత్తుగా పడిపోతుంది, దవడ కింద తమ్మెలు వాచి నల్లబడతాయి. అది బ్యాక్టీరియా రోగం, డాక్టరు సరైన మందు రాస్తే మిగిలినవాటిని కాపాడుకోవచ్చు. కొక్కెర తెగులు, అంటే పుస్తకాల్లో రాణిఖేత్ అని రాసేది, వైరస్ రోగం. అది వచ్చాక ఏ పొడీ పనిచెయ్యదు. రాకముందు టీకా వెయ్యడం ఒక్కటే దారి. మేం కొన్న టెట్రాసైక్లిన్ ఎందుకు పనిచెయ్యలేదో అప్పుడు అర్థమైంది. ఒకే రకంగా కనబడే చావులకి నాలుగు కారణాలున్నాయి. మా భాషలో మాత్రం అన్నిటికీ ఒకటే మాట, తెగులు.

కాకులు చావలేదని, ఊళ్లో ఎవరికీ జ్వరం, దగ్గు లేవని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాకే అతను కోడిని కోశాడు. ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టుకున్నాడు, చేతులకి తొడుగులు వేసుకున్నాడు, మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు. అడవి పక్షులు కూడా చస్తున్నా, కోళ్లకి తలలు వాచినా, తురాయి నీలంగా మారినా మీరెవరూ కోయొద్దు, ఈకలు పీకొద్దు, ముందు కబురు చెయ్యండి, అది బర్డ్ ఫ్లూ కావచ్చు, మనుషులకి ప్రమాదం అన్నాడు. తర్వాత గోనె మీద కోడిని పరిచి చూపించాడు. కార్జం మీద సూదిమొన అంత తెల్ల చుక్కలు ఉంటే కలరా అని అనుమానించాలట. మా కోడి కార్జం మీద అవి లేవు. కందనకాయకి ముందుండే చిన్న సంచిని చీల్చి తిరగేస్తే లోపలి గోడ నిండా ఎర్రని నెత్తురు చుక్కలు. పేగుల చివర కూడా నెత్తురు కమిలిన మచ్చలు. "నా కంటికి ఇది రాణిఖేత్. కానీ నా కన్ను చాలదు" అని, నమూనాలు తీసి, ఐస్ పెట్టెలో పెట్టి తీసుకెళ్లాడు. మూడు వారాల తర్వాత ప్రయోగశాల మాట కూడా అదే అని ఫోను చేశాడు.

ఇక ఊళ్లోకి ఎలా వచ్చిందన్నది. చివరి ప్రశ్నకి జవాబు మా మధ్యలోనే దొరికింది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాం. ఈ వ్యాసం రాస్తున్న మాలో ఒకరి ఇంట్లోనే పెళ్లి. పెళ్లికి సంతలో ఒక జత కోళ్లు చవగ్గా దొరికితే కొన్నారు. తెచ్చి ఇంటి కోళ్లతో పాటే గంప కింద మూశారు. నాలుగో రోజున వాటిలో ఒకటి ఈకలు ఉబ్బించుకుని కునుకుతుంటే, చచ్చేలోగా కోసుకుని తిన్నారు. ఈకలు, పేగులు పెరటి వెనక పారేశారు. ఊరి కోళ్లన్నీ వాటిని కెలికాయి. ఆ తర్వాత వారానికే మొదటి చావు.

మామ్మ కోళ్లు ఎందుకు బతికాయి? ఆవిడ ఇల్లు ఊరికి దూరం. పైగా ఊళ్లో మొదటి కోడి చచ్చిందని వినగానే ఆవిడ తన కోళ్లన్నిటినీ గంపలో పెట్టుకుని పోడు గుడిసెకి తీసుకుపోయింది. ఎందుకలా చేశావని అడిగితే, "మా అత్త అలాగే చేసేది" అంది. చదువుకున్నవాళ్ల భాషలో దాన్ని క్వారంటైన్ అంటారు. ఊరంతట్లో రోగం గురించి సరైన పని చేసిన ఒకే ఒక్క మనిషిని ఊరు చిల్లంగి అనబోయింది. మేం కూడా ఆ చింతచెట్టు కిందే కూర్చున్నాం. మేం కూడా కాసేపు నోరు మెదపలేదు. ఇది మర్చిపోకూడదనే రాస్తున్నాం.

ఇప్పుడు మీతో మాట్లాడతాం. లెక్కలు రాసేవాళ్లతో, పథకాలు వేసేవాళ్లతో.

మీకు మా కోళ్లని లెక్కపెట్టడం తెలుసు. 2019 పశుగణనలో దేశంలో 85 కోట్ల కోళ్లూ బాతులూ లాంటి పెంపుడు పక్షులుంటే అందులో 31 కోట్లకు పైగా పెరటివే అని మీరే రాశారు. 2012 తర్వాత పెరటి పక్షులు 45 శాతానికి పైగా పెరిగాయని గొప్పగా చెప్పుకున్నారు. బతికున్నవాటిని ఇంత బాగా లెక్కపెట్టినవాళ్లు, చచ్చినవాటిని ఎందుకు లెక్కపెట్టరు? అదే 2019లో పశువుల గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల మీద ఐదేళ్లకి 13,343 కోట్ల రూపాయల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. మంచిదే, మా ఆవులకీ ఆ టీకా పడింది. అందులో కోడికి చోటు లేదు. ఆవుకి చెవి బిళ్ల ఉంది. ఆవుకి గోపాలమిత్ర ఉన్నాడు. కోడికి ఎవరున్నారు?

ఫారం కోడికైతే ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో కొండ దిగువన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చినప్పుడు నమూనాలు భోపాల్ ప్రయోగశాలకి వెళ్లాయి. హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని తేలింది. కిలోమీటరు ఒక గిరి, పది కిలోమీటర్లు ఒక గిరి గీశారు. తెల్ల సూట్లు వేసుకున్న బృందాలు దిగాయి. అదంతా చెయ్యాల్సిన పనే, తప్పుపట్టం. మేం అడిగేది ఒకటే. ఆ రోగం ఫారంలో కాకుండా మా కొండ మీది పెరట్లో మొదలై ఉంటే మీకు ఎప్పుడు తెలిసేది? చచ్చిన కోడిని సంచిలో తెస్తే పాతిపెట్టమని పంపేచోట, ఏది రాణిఖేతో, ఏది బర్డ్ ఫ్లూవో తేల్చేది ఎవరు? 2006లో దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. అది ఆదివాసుల ప్రాంతం. అక్కడ కూడా ముందు చాలామంది రాణిఖేతే అనుకున్నారు. పరీక్ష చేశాకే అసలు సంగతి తెలిసింది. ఆ తర్వాత ఫారాల కోళ్లతో పాటు చుట్టుపక్కల పెరటి కోళ్లని కూడా చంపారు. అంటే చంపాల్సి వచ్చినప్పుడు మా పెరడు మీ లెక్కలోకి వస్తుంది. బతికించాల్సి వచ్చినప్పుడు రాదు. మీరు చంపిన కోడికి పరిహారం ఉంది. రాణిఖేత్‌తో చచ్చిన కోడికి అదీ లేదు.

ఈ రోగం కొత్తదీ కాదు, మందు లేనిదీ కాదు. రాణిఖేత్ అన్నది కుమావూ కొండల్లో ఒక ఊరి పేరు. దాదాపు వందేళ్ల కిందట అక్కడ ఈ రోగాన్ని గుర్తించి ఆ పేరు పెట్టారు. అదే కుమావూ కొండల్లో ముక్తేశ్వర్ పరిశోధనా సంస్థలో 1940లలోనే దీనికి టీకా తయారైంది. రోగానికి కొండల్లో పేరు పెట్టారు, టీకా కొండల్లో తయారుచేశారు. 80 ఏళ్లు దాటినా అది మా కొండ ఎక్కలేకపోయింది.

టీకా శిబిరాలు జరగవని మేం అనడం లేదు. జరుగుతాయి. రోడ్డు పక్క ఊళ్లలో, పగలు పదకొండు గంటలకి. ఆ వేళకి మా కోళ్లు తుప్పల్లో ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే గంప ఎత్తకముందు, తెల్లవారకముందు రావాలి. లేదా చీకటి పడ్డాక రావాలి. సీసాకి వంద డోసులో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. మా గూడెంలో అన్నీ కలిపినా అన్ని కోళ్లుండవు. సీసా ఎప్పుడూ చల్లగా ఉండాలి. మా దగ్గర కరెంటు గాలి వీస్తే పోతుంది. ఈ చిక్కులన్నీ నిజమే. వీటిని విప్పినవాళ్లూ ఉన్నారు. వేడిని ఎక్కువ తట్టుకునే ఐ-2 అనే టీకా రకాన్ని ఆస్ట్రేలియాలో పల్లెటూరి కోళ్ల కోసమే తయారుచేశారు. టాంజానియా, మొజాంబిక్ లాంటి పేద దేశాల్లో ఊరివాళ్లే నేర్చుకుని, ఇంటింటికీ తిరిగి, కోడి కంట్లో ఒక చుక్క వేస్తున్నారు. సూది అక్కర్లేదు, పెద్ద చదువు అక్కర్లేదు. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కాదు?

దానికి బదులు మీరు ఇచ్చేది కొత్త పిల్లల్ని. వనరాజా అని, గ్రామప్రియ అని హైదరాబాదులో తయారైన జాతులు. గుడ్లు ఎక్కువ పెడతాయి, బరువు ఎక్కువ పెరుగుతాయి, కాదనం. కానీ వాటికి పొదగడం రాదు. తర్వాతి పిల్లల కోసం మళ్లీ మీ దగ్గరికే రావాలి. బరువెక్కిన ఒంటితో గద్దని, అడవిపిల్లిని తప్పించుకుని చెట్టెక్కలేవు. పొదగని కోడిని వాటాకి ఎలా ఇచ్చుకుంటాం? అన్నిటికంటే ముఖ్యం, టీకా లేకపోతే ఇవి కూడా అదే తెగులుతో, అదే వారంలో చస్తాయి. కారణం తేల్చకుండా కోడిని మార్చడమంటే చూరు కారుతుంటే కింద చాప మార్చినట్టు.

"మీరు వదిలేసి పెంచుతారు, అందుకే చస్తాయి" అని ఇంకొందరు అంటారు. ఫారాల్లో గోదావరి జిల్లాల కోళ్లు చచ్చినప్పుడు ఈ మాట ఎవరూ అనలేదే? వదిలేసి పెంచడం వల్లే మా కోడి చెదలు తిని, పురుగు తిని, మాకు దాణా ఖర్చు లేకుండా బతుకుతోంది. దాన్ని గూట్లో బంధించి దాణా కొనమంటే అది మా కోడి కాదు, దాణా కంపెనీ కోడి.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకుందాం. ఇక్కడి నుంచి మేం అనం, మనం అంటాం.

కునుకుతున్న కోడిని సంతకి పట్టుకెళ్లేది మనమే. తెగులు తగిలిందని తెలియగానే మిగిలినవి చచ్చేలోగా సగం ధరకి అమ్మేస్తాం. కొన్నవాడు మన చుట్టమే, పక్క గూడెం మనిషే. మన నష్టం సగం తగ్గించుకోవడానికి అతని ఊరికి మొత్తం నష్టం మోసుకెళ్తున్నాం. మనకి తెగులు ఎలా వచ్చిందో అలాగే. చచ్చినదాన్ని వాగులో పారేస్తాం, కుక్కకి వేస్తాం. మామిడి కొత్తకి, భూదేవి పండుగకి కోడి కొయ్యడం మన ఆచారం. దాన్ని మానమని ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ పండుగ కోసం సంతలో కొన్న కోడిని వచ్చిన రోజే ఇంటి గంపలో కలపొద్దు. రెండు వారాలు వేరే కట్టేద్దాం. అంత టైం లేకపోతే తెచ్చిన రోజే కోసి, ఈకలూ పేగులూ లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పాతిపెడదాం. మొదటి కోడి చచ్చిన రోజే ఊళ్లో చాటింపు వేద్దాం. కోళ్లని సంతకి పంపడం ఆపుదాం. మొక్కు మొక్కుకుందాం, తప్పులేదు. మొక్కుతో పాటు కబురూ పంపుదాం. ఎవరింటి కోళ్లు బతికాయో వాళ్లని చూసి భయపడొద్దు. వాళ్లు ఏం చేశారో అడుగుదాం.

అధికారులని మేం అడిగేవి పెద్దవి కావు. ప్రతి పశువుల ఆసుపత్రి రిజిస్టర్లో కోడి చావుకి ఒక గడి పెట్టండి. ఏ ఊరు, ఎన్ని, ఏ గుర్తులు, ఏ తేదీ. ఊళ్లో వరసగా కోళ్లు చస్తే 48 గంటల్లో ఒకరు వచ్చి చూడాలి, నమూనా వెళ్లాలి, ఫలితం ఆ ఊరికి తిరిగి రావాలి. ఫలితం ఫైల్లో ఉంటే మాకు దక్కేది ఏమీ లేదు. టీకా తెగులు వచ్చాక కాదు, పెళ్లిళ్ల కాలానికీ ఎండలకీ ముందు వెయ్యాలి. ప్రతి గూడెంలో కోళ్లు పెంచే ఆడవాళ్లలోంచే ఒకరికి నేర్పండి. వాళ్లకి ఐస్ పెట్టె, చిన్న సీసాలు ఇవ్వండి. సేవ అనకుండా కూలి ఇవ్వండి. వాళ్లు తెల్లవారుజామున గంప ఎత్తకముందే ఇంటింటికీ వెళ్లగలరు. ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో వాళ్లకి ముందే తెలుసు.

చివరగా మామ్మ సంగతి. ప్రయోగశాల మాట ఫోనులో వచ్చిన సాయంత్రం మాలో నలుగురం ఆవిడ ఇంటికి వెళ్లాం. ఆ రాత్రి చింతచెట్టు కింద పడిన మాట ఆవిడ చెవిన పడే ఉంటుంది. దాని గురించి ఏమీ అనలేదు. మేమూ సరిగ్గా క్షమాపణ చెప్పలేకపోయాం. ఎనిమిది కోళ్లలో రెండు పెట్టలు అప్పుడు పొదుగు మీద ఉన్నాయి. వానలు పడే వేళకి పిల్లలు ఎదిగాయి. ఆవిడ ఒక్కో పెట్టపిల్లని ఒక్కో ఇంటికి వాటాకి ఇచ్చింది. ఆ రాత్రి ఆ మాట అన్నవాళ్ల ఇంటికి కూడా. ఇప్పుడు మా ఊళ్లో కూస్తున్న కోళ్లన్నీ ఆ గంపలోంచి వచ్చినవే.

మళ్లీ మాఘం వస్తోంది. సంతలు నిండుతున్నాయి. ఈ కోళ్లకి ఇంకా ఎవరూ చుక్క వెయ్యలేదు.